దేవుళ్లను మార్చిన కొండల్

మంథని చుట్టుపక్కల ఊళ్లలో ఒంటికి ఏ బాధ వచ్చినా ముందు పెట్టే పేరు వేడి. కళ్లు ఎర్రబడితే వేడి, నోరు పూస్తే వేడి, మూత్రంలో మంట పుడితే ఇక చెప్పేదేముంది, వేడే. ఈ మాటతో ఒక పెద్ద సౌకర్యం ఉంది. వేడి అన్నాక, నువ్వు ఎక్కడ పడుకుని వచ్చావని ఎవరూ అడగరు.

కొండల్ వరికోత మిషన్ నడుపుతాడు. పంటలు కోతకొచ్చినప్పుడు మిషన్‌తో పాటు ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ఇంట్లో బీడీలు చుట్టే భార్య వినోద, బడికి పోయే బిడ్డ, తల్లి లింగవ్వ. కిందటి వానాకాలం కోతల్లో ఏదో పట్నం లాడ్జిలో ఒక రాత్రి గడిపి, ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు పెళ్లాం పక్కన పడుకున్నాడు. ఆ తర్వాతే మంట బయటపడింది. చీము కూడా కనబడింది.

"పొద్దంత ఇంజన్ మీద కూసునుడాయె, వేడి చెయ్యదా?" అని వినోదే జాలిపడి సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది.

సబ్జాకు చీము తగ్గక, ఎవరికీ చెప్పకుండా కరీంనగర్‌లో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన నీతులు చెప్పలేదు. పరీక్ష చేయించి, సూది వేయించి, గోలీలు రెండు పొట్లాలు చేతిలో పెట్టాడు. "ఇది సుఖరోగం. ఈ పొట్లం నీది, ఇది నీ భార్యది. ఇద్దరూ మింగకపోతే మళ్లీ నీకే అంటుకుంటుంది. మందు పూర్తయ్యేదాకా దగ్గరికి పోవద్దు. ఆమెను తీసుకొచ్చి చూపించు." కొండల్ తల ఊపాడు.

బస్సులో ఆలోచన మొదలైంది. గోలీలు ఇస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెప్పే ధైర్యం లేని మగవాడికి తోచే ఉపాయమే అతనికీ తోచింది: ఆమె పొట్లం కూడా తనే మింగేశాడు. పొలానికి యూరియా ఎక్కువేస్తే పచ్చబడుతుంది కదా, ఒంటికీ అంతేనని లెక్క వేసుకున్నాడు.

ఇక దూరంగా ఉండడానికి ఒక కారణం కావాలి. శివరాత్రి దగ్గర పడుతోంది. కొండల్ శివదీక్ష మాల వేసుకున్నాడు. మన భక్తిలో ఎన్ని సదుపాయాలున్నాయో ఇలాంటి వాళ్లకే బాగా తెలుస్తుంది. నేల మీద పడక, చన్నీళ్ల స్నానం, భార్యకు దూరం. డాక్టరు చెప్పిన పథ్యమంతా మొక్కు కిందికి మారిపోయింది. మిషన్ మీద బూతులు తప్ప మాట్లాడనివాడు స్వామి అయ్యాడు. వినోద పొద్దున్నే దూరం నుంచే అతని కాళ్లకు మొక్కేది. రోగం తెచ్చినవాడి కాళ్లకు, రోగం అంటినామె.

మందు పనిచేసింది. మంట పోయింది. వేములవాడ శివుడి గుడిలో మాల తీసి వచ్చి, అంతా రాజన్న దయ అన్నాడు. డాక్టరు పేరు ఎత్తలేదు. మళ్లీ భార్య పక్కన పడుకున్నాడు. కొన్నాళ్లకు మంట తిరిగొచ్చింది.

మంట తగ్గకపోతే జనం డాక్టరును మారుస్తారు. కొండల్ దేవుణ్ని మార్చాడు. మాల వేసే గురుస్వామి పరశురాములు ఇంటికి పోయాడు.

"మంట మల్ల సురువైంది గురుస్వామీ."

"నియమం ఏమన్న తప్పినవా?"

"పెద్దపల్లి బస్టాండుల మిర్చీలు తిన్న. నంజుకు ఉల్లిగడ్డ వెట్టిండు."

"గదే మరి! రాజన్న ఊకుంటడా? కోతలైనంక అంజన్న మాల వెయ్యి. కొండగట్టు దేవుని ముంగట ఏ రోగమైన బలాదూర్."

లాడ్జి ఊసు ఆ సంభాషణలోకి రాలేదు. శివుడంతటివాడు లాడ్జిని వదిలేసి ఉల్లిగడ్డను పట్టుకున్నాడని ఇద్దరు పెద్దమనుషులు నమ్మారు.

ఈలోగా వినోదకు పొత్తికడుపు నొప్పి పట్టుకుంది. "పొద్దంత బీడీల చాట ముందటేసుకొని ఒంగి కూసుంటవు, నొయ్యదా బిడ్డా?" అని లింగవ్వ తీర్పు చెప్పింది. తెల్లబట్ట అవుతోందని చెబితే అదీ వేడే. ఆమెకు ఇంకో బిడ్డ కావాలని ఉంది. నెలనెలా ఎదురుచూస్తోంది.

ఎండాకాలపు యాసంగి కోతలయ్యాయి. కొండల్ నారింజ బట్టలు కట్టి, హనుమాన్ దీక్ష పట్టి అంజన్న స్వామి అయ్యాడు. ఆ వారమే వినోద జ్వరంతో లేవలేకపోయింది. మర్నాడు ఎలాగో లేచి, ఒక్కతే ఆటో ఎక్కి సర్కారు దవాఖానకు పోయింది. డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి అడిగింది.

"మీ ఆయనకు మూత్రంల మంట ఉందా?"

"ఉంది మేడం. ఆయనకు జర వేడి."

"ఆ వేడే నీ కడుపుల చేరింది. గర్భసంచి ట్యూబులు వాచినయి. ఇట్లనే ఇడిసిపెడితే పిల్లలు కాకుండ పోతరు. ఆయనను తోలుకరా. ఆయన మందు తినకపోతే నీకు మల్ల వస్తది."

వినోద ఇల్లు చేరేసరికి లింగవ్వ మర్నాటి భిక్షకు బియ్యం ఏరుతోంది. ఊళ్లోని మాలధారులంతా వాళ్లింట్లోనే తినాలి. కొండల్ అరుగు మీద జపంలో ఉన్నాడు.

"స్వామీ, రేపు దవాఖానకు పోదాం లే."

"భిక్ష వెట్టుకొని దవాఖానేంది?"

"నీ రోగం నాకు అంటిచ్చినవట. డాక్టరమ్మ చెప్పింది."

"ఏయ్! దీక్షలున్నోనితోని గిసొంటి మాటలా?"

లింగవ్వ చేట కింద పెట్టింది. "స్వామితోని గట్ల మాట్లాడకే, పాపం తాకుతది."

"తాకింది అత్తమ్మా. కడుపుల వాచి ఉందట, దవాఖానల చూపిచ్చుకొచ్చిన."

కొండల్ మాల తీసినాక వస్తానన్నాడు. వినోద గొంతు పెంచలేదు. "రేపు పొద్దుగాల రాకుంటే, స్వాములందరు విస్తర్ల ముంగట కూసున్నంక నేనే అడుగుత, గీ మంట ఏ ఊర్ల తెచ్చినవని. గురుస్వామి సుత ఇంటడు."

దేవుడికి భయపడనివాడు పంక్తికి భయపడ్డాడు. తెల్లవారే బండి తీశాడు. స్వామిని ఆడవాళ్లు తాకకూడదు కనుక వినోద వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. దవాఖాన వరుసలో జనం లేచి "ముందుకు పోండి స్వామీ" అని దారి ఇచ్చారు. ఎవరూ అతన్ని ఏ గదికని అడగలేదు.

మంట ఎప్పటి నుంచని డాక్టరమ్మ అడిగితే కొండల్ నేల చూశాడు. వినోదే చెప్పింది, కోతలకు పోయిన కాలం నుంచి. ఇద్దరికీ పరీక్షలు చేశారు, మందులు ఇచ్చారు. "ఇద్దరు మందు తిని, నేను చూసి చెప్పేదాంక వేరేగ పండుకోవాలె."

"దీక్షలున్న కద మేడం," అన్నాడు కొండల్, మొదటిసారి తల ఎత్తి.

"దీక్ష అయిపోయినా సుత," అంది వినోద. "నేను చెప్పేదాంక నీ చాప అరుగు మీదనే."

మందులయ్యాయి. వినోద నొప్పి మెల్లగా తగ్గింది. కొండల్‌కు చీము పోయినా సన్నటి మంట మిగిలింది. మళ్లీ దవాఖానకు పరుగెత్తాడు. పరీక్షలో రోగం లేదని తేలింది. "లోపల పుండు మానుతాంది, కొన్నొద్దులు గట్లనే ఉంటది. నీళ్లు బాగ తాగు. ఊకూకె పిసికి చూసుకునుడు బందువెట్టు, దాంతోనే సగం మంట" అని డాక్టరమ్మ తిట్టి పంపింది. పిసకడం మానితే అదీ పోయింది. దీనికి ఏ కొండా ఎక్కాల్సిన పని పడలేదు.

కార్తీకం వచ్చింది. పరశురాములు ఇంటి ముందు నిలబడి, "కొండల్ స్వామీ, గీసారి అయ్యప్ప మాలనా?" అన్నాడు. కొండల్ భార్య వైపు చూశాడు.

"ఆయనకు మొక్కులేం లేవు మామా," అంది వినోద, బీడీకి దారం చుడుతూ.

ఇంకో బిడ్డ సంగతి ఇంకా తేలలేదు. ట్యూబులు ఎంత చెడ్డాయో చూస్తే తప్ప చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఊళ్లో మాత్రం ఒక సంగతి తేలిపోయింది. పెళ్లాం మాట విని కొండల్ దేవుణ్ని ఇడిసిపెట్టిండట.