వరుస తప్పిన కవరు

అంటువ్యాధుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా కొత్త మందుల పరీక్షలు నడిపిస్తున్న పెద్ద డాక్టరమ్మకు కుర్ర డాక్టర్లు చాటున పెట్టుకున్న పేరు కవరమ్మ. ఎవరికి పాత మాత్రలు, ఎవరికి కొత్త ఇంజెక్షన్ అన్నది ముందే చీటీలు పెట్టి అంటించిన కవర్లే తేల్చాలి. రోగులు వచ్చిన వరుసలోనే వాటిని చించాలి. ఏది మేలో తెలియనప్పుడు మన ఇష్టం చొరబడితే పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరేనని నోరు అరిగేలా చెప్పేది. వరుస మార్చినందుకు ఒక కుర్ర డాక్టరును నలుగురిలో కడిగేసి ఇంటికి పంపింది కూడా.

అలాంటి మనిషే ఓ మధ్యాహ్నం గడ్డి కరిచింది. ముదిరిన క్షయతో ఆవేళ వచ్చినవాడు ఆవిడ కూతురికి లెక్కలు నేర్పిన మాస్టారు. చిక్కి సగమయ్యాడు. బడి తెరిచేలోగా లేచి తిరుగుతానా అని అడిగాడు. ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఎక్స్‌రేలు చూసే దీపం ముందు ఆయన వంతు కవరు పట్టుకుంటే లోపలి చీటీ కనబడింది. పాత మాత్రలు. ఆ తర్వాతి కవరు పట్టుకుంది. ఇంజెక్షన్. కొత్తదంటే ఆవిడకూ లోలోపల గురే మరి. ఆయనకు అది ఇచ్చేసి, వెనకాలే వచ్చిన లారీ డ్రైవరును ముందొచ్చినట్టు పుస్తకంలో రాసింది.

ఏడాదికి ఫలితాలు తేలాయి. జబ్బును రెండు మందులూ ఒకేలా తగ్గించాయి. ఇంజెక్షన్ మాత్రం పదిమందిలో ఒకరికి చెవుడు తెచ్చింది. వాళ్లలో మాస్టారు ఒకరు. బడి మానేశాడు. పరీక్ష ఎంతో నిజాయితీగా జరిగిందని, దాని మంచిచెడ్డలు చూసే కమిటీవాళ్లు మెచ్చుకుంటుంటే, గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకుండానే ఆవిడ భుజాలు తడుముకుంది. మాస్టారి భార్యేమో కనిపించినప్పుడల్లా ప్రాణం నిలబెట్టారని దణ్ణం పెట్టేది. ఆ దణ్ణం కంటే చెప్పుదెబ్బ నయమనిపించేది. అన్నం సహించేది కాదు. చెబితే కుర్చీ పోతుంది, ఇన్నేళ్ల పేరూ పోతుంది. చెప్పకపోతే ఆ మనిషికి తన చెవులు ఎందుకు పోయాయో చచ్చేదాకా తెలియదు.

చివరికి కమిటీకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసిచ్చి, తిన్నగా మాస్టారింటికి వెళ్లింది. నోటితో చెబితే ఆయనకు వినపడదు. ఎదురుగా కూర్చుని, చేసిందంతా కాగితం మీద పెట్టింది. నోటిమాటైతే గాలికి పోయేది, ఇది కళ్లెదుటే ఉంది.

మాస్టారు రెండుసార్లు చదివాడు. తన గొంతు తనకు వినపడదు కనుక వీధిలోకి వినపడేంత గట్టిగా అడిగాడు.

"నాకు రావాల్సిన మాత్రలు ఎవరికెళ్లాయమ్మా?"

లారీ డ్రైవరుకని రాసింది.

"ఆయనకి వినపడుతోందా?"

ఆవిడ తలూపింది.

"పోన్లే, ఒకడికైనా మంచి జరిగింది," అని కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. "నామీద జాలి పడకుండా ఉండాల్సిందమ్మా."