నేనే పోత

చూపులేని డోర్కాస్‌కు ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించడం గిట్టదు. నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ దాకా ఎవరు సాయానికి వచ్చినా "వద్దన్నా, నేనే పోత" అంటుంది. అక్కడ సదాశివ నడిపే నెట్ సెంటరుకు ప్రింట్ల కోసమే వస్తుంది. కర్ర నాలుగు మడతలు పెట్టి, ఫోను చెవికి ఆనించుకుంటుంది. తెర మీద అక్షరాలుంటే ఫోను గడగడా చదువుతుంది. ఫొటో అయితే "ఇమేజ్" అని ఊరుకుంటుంది. ఎంఏ పరీక్షలో తను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి ఇవాళే ఆఖరు. యూనివర్సిటీ సైటులో నోటీసూ ఫొటోనే, కింద చూసి టైపు కొట్టాల్సిన క్యాప్చా అక్షరాలూ ఫొటోనే. వేలు ఎన్నిసార్లు ఆనించినా "ఇమేజ్."

"ఏం రాసిన్రో జర చదువన్నా."

సదాశివ చదివాడు: "అంధ విద్యార్థులు ఇతరుల సాయం లేకుండా స్వయంగా దరఖాస్తు నింపవలెను."

డోర్కాస్ కర్ర మడతలను ఒక్కొక్కటే తడిమింది.

"నువ్వే నింపన్నా. నేనే నింపిన అని టిక్కు గూడ నువ్వే పెట్టు."