నేను విప్పని పెట్టెలు

ఆరేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీరూ ఎవరితోనైనా అంటారేమోనని అనుమానం లేకపోలేదు.

రాజమండ్రి శివార్లలో స్మార్ట్ కార్డులు చేసే చిన్న కంపెనీలో నాది తనిఖీ పని. బయటి దేశాల నుంచి వచ్చిన చిప్పులను ప్లాస్టిక్ కార్డుల్లో అతికించి, మళ్లీ బయటి దేశాలకే పంపుతాం. అప్పట్లో ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి ఆసుపత్రి కార్డుల ఆర్డరు వచ్చింది. ఇది బాగా జరిగితే చుట్టుపక్కల దేశాలూ మన దగ్గరే కొంటాయని మేనేజర్ గారి ఆశ.

ప్రతి పెట్టెలోంచి కొన్ని కార్డులు తీసి, వంచి, చిప్పును చదివే రీడర్‌లో పెట్టి చూడాలి. సరుకు రేవుకు వెళ్లే రోజు నేను పై వరస పెట్టెలు మాత్రమే చూశాను. మిగతావి విప్పలేదు. అన్నీ చూసినట్టు సంతకం పెట్టాను. లారీ డ్రైవరు తొందరపెట్టాడని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అతను గేటు దగ్గర కునుకు తీస్తున్నాడు.

కొన్ని వారాలకు ఫిర్యాదు వచ్చింది. చాలా కార్డులను అక్కడి రీడర్లు చదవడం లేదు. జబ్బు చేసినవాళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపుతున్నారట.

"మీరు చూసినప్పుడు బాగానే ఉన్నాయా అండి?" అన్నారు మేనేజర్ గారు.

"బాగానే ఉన్నాయండి."

"మరి ఏమైనట్టు?"

ఎందుకన్నానో తెలియదు. కాదు, తెలుసు. "ప్యాకింగ్‌లో సత్యవతి పెట్టెలను ఎండలో వదిలేసిందేమోనండి. చూసినట్టు గుర్తు."

నేను చూడలేదు.

సత్యవతి అంతకుముందు భీమవరంలో రొయ్యల షెడ్డులో పనిచేసేది. ఐసు నీళ్ల బాధ తప్పిందని మా దగ్గర ఎంతో సంబరపడేది. వారంలోనే ఆమెను మాన్పించేశారు. వెళ్లేముందు నా బల్ల దగ్గరకొచ్చి, "నీడలోనే పెట్టాను కదండీ, మీరు చూశారు కదా" అంది. నేను తల ఎత్తలేదు.

అప్పటి నుంచి ఎవరినీ నమ్మలేను. నా సంతకం ఉన్న కాగితాన్ని మేనేజర్ గారు ఎందుకు దాచి ఉంచారు? కొత్తగా చేరిన అమ్మాయి నేను చూసిన పెట్టెలనే మళ్లీ ఎందుకు విప్పుతుంది? ఒక్క అబద్ధాన్ని మనుషులు ఎంత తేలిగ్గా నమ్ముతారో చూసినదాన్ని కదా, రేపు నా మీద ఎవరేం చెబుతారోనని భయం.

ఆ దేశం మళ్లీ ఆర్డరు ఇవ్వలేదు. పక్క దేశాలూ వేరే చోట కొనుక్కుంటున్నాయి. ప్రపంచమంతా ఫోన్లకు మారిపోతోంది, కార్డులకు గిరాకీ తగ్గిందని మీటింగుల్లో అంటారు. నేనూ తలూపుతాను. అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం చాటునే ఇన్నాళ్లూ దాక్కున్నాను.

సత్యవతి మళ్లీ ఆ రొయ్యల షెడ్డులోనే చేరిందని విని, పోయిన నెల భీమవరం వెళ్లి, షెడ్డు బయట ఆమె కోసం నిలబడ్డాను. "ఏంటండి, ఇలా వచ్చారు?" అంది నవ్వుతూ. తెలిసే నవ్విందా? ఏదో పని ఉందని చెప్పి బస్సెక్కేశాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబితే సరిపోదని తెలుసు. అయినా రాస్తున్నాను. సత్యవతి పెట్టెలను ఎండలో పెట్టలేదు. వాటిని విప్పి చూడనిది నేను. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.