అమ్మ నోరు

మా అమ్మ నోరంటే గౌడవెల్లిలో అందరికీ హడలే. నల్లా దగ్గర మా బిందె ఎవరైనా పక్కకు జరిపితే ఆమె గొంతు వాడంతా వినిపించేది. బడిలో టీచరు నన్ను ఊరికే కొట్టిందని ఒకసారి కొంగు నడుముకు చుట్టుకుని బయలుదేరింది. ఆ రోజు తర్వాత ఆ టీచరు నా జోలికి వస్తే ఒట్టు. మెత్తటి తల్లులున్న పిల్లల్ని చూస్తే నాకు జాలేసేది.

అలాంటి అమ్మను నాకు కాకుండా చేశాడని ఏసుప్రభువు మీద ఏళ్ల తరబడి మండిపడ్డాను. భక్తురాలి కూతురు చెప్పాల్సిన మాట కాదు. కానీ నిజం అదే.

బాపు పోయాక పదకొండో రోజు దినాలయ్యేదాకా అమ్మ గడప దాటలేదు. ఆ పదకొండు రోజుల్లోనే మా చిన్నబాపు, అంటే బాపు సొంత తమ్ముడు, మా మెట్ట చెలకలో హద్దురాళ్లు పీకి పది అడుగులు మా వైపు జరిపి పాతాడు. అప్పటికే ప్లాట్లు కొనేవాళ్లు మా ఊళ్లో కార్లేసుకుని తిరుగుతున్నారు. దినాలకు వచ్చినవాళ్లకు దగ్గరుండి వడ్డించింది ఆయనే. అన్న ఫొటో ముందు అందరికంటే గట్టిగా ఏడ్చిందీ ఆయనే. పిల్లాజెల్లా లేని మనిషికి ఆ పది అడుగులు దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అమ్మ మూడు రోజులు ఆయన వాకిట్లో నిలబడి దుమ్మెత్తిపోసింది. పెద్దమనుషులు వచ్చారు, కొలిచారు, చాయ్ తాగి వెళ్లిపోయారు. రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఆ ఏడే అమ్మ మేడ్చల్‌లో పచ్చళ్ల కంపెనీలో పనికి కుదిరింది. అక్కడ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పే ముందు నలుగురు ఆడవాళ్లు ప్రార్థన చేసుకునేవాళ్లు. మొదట్లో అమ్మ తన డబ్బా పట్టుకుని దూరంగా కూర్చునేదట. నెల తిరిగేసరికి ఆదివారాలు వాళ్లతో చర్చికి పోతోంది. ఏముంది అందులో అని అడిగాను.

"నేను మాట్లాడుతాంటె అడ్డం రాకుండ ఇనెటోడు ఒక్కడు దొరికిండు బిడ్డా," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ నేను వినలేదా?

మెల్లమెల్లగా ఆమె గొంతు తగ్గిపోయింది. బిందె జరిపినా ఊరుకునేది. నాకు పెళ్లయి పేట్ బషీరాబాద్‌లో కాపురం పెట్టాక, ఒక ఆదివారం తనతో రమ్మని బతిమాలితే వెళ్లాను. పాటలయ్యాక అక్కడ సాక్ష్యం చెప్పిస్తారు. ప్రభువు తమకేం చేశాడో ఎవరో ఒకరు లేచి చెప్పాలి. ఆ రోజు పాస్టరు అమ్మను లేపాడు. ఆమె నోరు తెరిచేలోపే తానే అందుకున్నాడు. "ఈ సహోదరి నోరు ఒకప్పుడు కత్తి. మా ప్రభువు ఆ నోరు మూయించాడు! స్తోత్రం!" అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ తల దించుకుని నిలబడింది.

మొగుడు పోయిన ఆడదాని నోరు మూయించాలని ఊరు ఊరంతా చూసింది, ఎవరి వల్లా కాలేదు. వీళ్లు చప్పట్లు కొట్టి మరీ సంబరపడుతున్నారు! ప్రార్థన ముగియకముందే చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

తర్వాత చిన్నబాపుకు పక్షవాతం వచ్చింది. ఆయన భార్య అంతకుముందే పోయింది. అమ్మ రోజూ పొద్దున్నే జొన్నజావ కాచి, స్టీలు క్యాన్‌లో పోసుకుని వెళ్లి ఆయనకు తాగించడం మొదలుపెట్టింది. తెలిసిన రోజున నేను అగ్గిమీద గుగ్గిలం అయిపోయాను.

"నువ్వు వాని గడప తొక్కినన్ని దినాలు నేను నీ గడప తొక్క," అన్నాను.

"నీ ఇష్టం బిడ్డా," అంది. పాత అమ్మయితే జుట్టు పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయేది. నాకు కావలసింది ఆ అమ్మే. ఈ "నీ ఇష్టం" అనే మనిషి నాకు అక్కర్లేదు. ఏడు నెలలు ఆ ఊరి మొహం చూడలేదు.

బాత్రూంలో జారిపడి అమ్మ మణికట్టు విరిగిందని పక్కింటామె ఫోన్ చేస్తే, తెల్లారి స్కూటీ మీద వెళ్లాను. ఇంట్లో లేదు. సిమెంటు కట్టుతోనే క్యాన్ పట్టుకుని పోయిందట! ఈసారి తాడోపేడో తేల్చుకుందామని వెంటపడ్డాను.

చెలక దగ్గరికి వచ్చేసరికి అరుపులు. అమ్మ గొంతు! నల్లా దగ్గరి గొంతు. ఎవరితోనో పెట్టుకుందని సంబరంగా పరుగెత్తాను. హద్దురాయి దగ్గర ఆమె ఒక్కతే ఉంది. క్యాన్ కింద పెట్టి, మంచి చెయ్యి పైకి చూపిస్తూ అరుస్తోంది.

"ఏందయ్య నువ్వు? నీకు కండ్లు లేవా? పదకొండు దినాలు నేను ఏడ్సుకుంట కూసుంటె, గీ రాయి కదిలిననాడు యాడ వోయినవ్? ఇగ ఇప్పుడు వానికే జావ వొయ్యమంటవ్. చెయ్యి ఇరిగినా పొమ్మంటవ్. అడగనీకి సిగ్గు లేదా? వాని మొఖం సూస్తె నా కడుపు రగుల్తది. రోజూ జెప్తున్న, ఇయ్యాల గూడ జెప్తున్న. వాన్ని మాఫ్ జేసుడు నాతోని కాదు. నువ్వే జెయ్యి. నా చెయ్యి కావాల్నంటె తీస్కో, గంతే."

కాసేపు ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరే తియ్యి, పోతున్న," అని మామూలు గొంతుతో అంటూ క్యాన్ అందుకుంది. వెనక్కి తిరిగితే నేను.

"రోజూ గిట్లనే తిడ్తవా?" అన్నాను.

"మరి ఎవల్ని తిట్టాలె? వాన్ని తిడ్తె పంచాయితి అయితది. నిన్నొక్క మాటంటె ఏడు నెల్లు మొఖం సూపియ్యవ్. గీయన ఒక్కడే, ఎంత తిట్టినా పోడు. మల్ల పొద్దుగాల ఈడనే ఉంటడు."

"మరి పాస్టరుకు జెప్పలే?"

"అయ్యో, ఆయన పరేషాన్ అయితడు."

నవ్వు రాలేదు నాకు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అలిగి పోయింది నేను. ఆమె నోరు ఎవరూ మూయించలేదు. అది విని తట్టుకునేవాడి దగ్గరికి మారిందంతే. ఆ తట్టుకోవడం నా వల్ల కాలేదన్నది నన్ను ఇంకా మండించింది.

"క్యాన్ మోస్త గని, వాని నోట్లె మాత్రం నేను పొయ్య," అన్నాను.

అక్కడికి వెళ్లాక తెలిసింది. ఒక చేత్తో తల ఎత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో చెంచా పెట్టాలి. అమ్మకున్నది ఒకటే చెయ్యి. ఆమె చెంచా పట్టుకుని నా వైపు చూసింది. బాపు చెలక మింగిన మనిషి తలను నా అరచేత్తో ఎత్తి పట్టుకున్నాను. తల వేడిగా, బరువుగా ఉంది. ఆయన నన్నే చూశాడు. నోటి చివర నుంచి జావ కారితే నా చున్నీతోనే తుడిచాను. నాలో క్షమాపణలాంటిది ఏదీ పుట్టలేదు. పళ్లు నూరుతూనే తుడిచాను.

తిరిగి వస్తుంటే హద్దురాయి దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నువ్వు నడువు అన్నాను అమ్మతో. ప్రభువును ఎలా పిలవాలో, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియలేదు. చర్చిలో విన్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏందయ్య నువ్వు?" అన్నాను. ఇక ఆగలేదు.

చాలాసేపు పట్టింది. అమ్మ ఇంటికి పోలేదు. కొంత దూరంలో గట్టు మీద కూర్చుని, అడ్డం రాకుండా ఎదురుచూసింది.