గల్లాపెట్టె పైన గోడ

గిద్దలూరులో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె పైన గోడకు రెండు ఫోటోలుంటాయి. తాతది, పెదనాయనది. రెండూ నడుము పైకి, తెల్ల చొక్కాలో, ఎదురుగా చూస్తూ. పెద్ద ఆపరేషన్‌కు పోయేవాళ్లు ముందుగా ఒక ఫోటో దిగి పోవాలని మా ఇంటి ఆనవాయితీ. తర్వాత వెతుక్కునే పని ఉండదని వ్యాపారస్తుల ముందుచూపు. వాళ్లిద్దరూ దిగి వెళ్లారు. తిరిగి రాలేదు.

అందుకే, గుండె ఆపరేషన్‌కు గుంటూరు బయల్దేరే రోజు పొద్దున నాయన ఇస్త్రీ చొక్కాతో కొట్టుకు వచ్చి "నీ కెమెరా తీయి" అనగానే నా చూపు ఆ రెండు ఫోటోల మీదికి పోయింది.

నేను ఫోటోగ్రాఫర్‌ను కాదు. అమ్మినవాడు ఏడ్చేదాకా బేరమాడి కొన్న పాత కెమెరాతో కంభం చెరువులో కొంగలను తీస్తుంటాను. కొంగలైతే బాగా రాలేదని పోట్లాటకు రావు.

"ఇప్పుడేం తొందర నాయనా? వచ్చినాక తీస్తా."

"వచ్చినాక ఎందుకురా?"

బేరానికి దిగాను. "సరే, తక్కెడ పట్టుకోని నవ్వు." పళ్లు కనబడే ఫోటోకు ఎవరూ దండ వేయరని నా లెక్క.

"నాకాడనా నీ బేరం? తీయి."

నూనెకు వచ్చిన ఒకామె ఆగి చూసింది. "ఏంది మామా ఈ సోకు? పెండ్లిచూపులకు పోతాండావా?"

"అవునమ్మా, గుంటూరు సంబంధం. పిల్ల కత్తి పట్టుకోని కూర్చోనుందంట."

ఆమె పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గుమ్మం వెలుగు చెంప మీద పడేలా నాయనను కొనేవాళ్ల స్టూలు మీద కూర్చోబెట్టి, నేను గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాను. సరుకు ధర ఎంత పడినా కదలని ముఖం ఆయనది. బేరం నేను నేర్చుకున్నది ఆ ముఖం చూసే. జూమ్ చేసి కంటి మీద ఫోకస్ పెట్టాను. కింది పెదవి సన్నగా వణుకుతోంది. చూపు లెన్స్ వైపు లేదు. నా తల మీదుగా, గోడ మీద పెదనాయన ఫోటో పక్కనున్న ఖాళీ వైపు ఉంది.

నా చేతులు కూడా వణికాయి. షట్టర్ వేగం పెంచాను. ఇద్దరి వణుకూ పడకుండా ఫోటో స్పష్టంగా వచ్చింది. కెమెరా అంత బాగా అబద్ధమాడుతుందని ఆ రోజే తెలిసింది.

నాయన చూసి "బాగుంది. పెద్దది చేయించు" అన్నాడు.

ఆయన తిరిగి వచ్చాడు. మళ్లీ గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటున్నాడు. అయినా నా భయం పోలేదు. ఆ ఫోటో ప్రింట్ తీయిస్తే అది గోడను వెతుక్కుంటుంది. చెరిపేద్దామని ఒకసారి బటన్ నొక్కాను, 'తొలగించాలా?' అని అడిగింది కెమెరా, నాయన ముఖం మీదే. వేలు వెనక్కి తీసుకున్నాను. కెమెరాలోని మెమరీ కార్డు తీసి బీరువాలో పెట్టి, మార్కాపురంలో ఇంకొకటి కొన్నాను, బేరమాడకుండా. అమ్మినవాడే అనుమానంగా చూశాడు.

గోడ మీది ఖాళీలో రోజూ చింపే క్యాలెండర్ తగిలించాను.

"అంతెత్తున తేదీ ఎట్ల చింపుతావురా?" అన్నాడు నాయన.

"స్టూలెక్కి చింపుతాలే."

పెదనాయన ఫోటోను, దాని పక్కన క్యాలెండర్‌ను చూశాడు. తీసేయమనలేదు. "జారేవు. స్టూలు నేను పట్టుకుంటా" అన్నాడు.