ఆగకూడని కారు

కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. అన్నం ఉడికేలోపు నాలుగుసార్లు మూత తీసి చూస్తాను. బస్సు ఆలస్యమైతే బస్టాండంతా నడుస్తాను. అలాంటి నాకు కొంప అంటుకున్నా చెప్పులు వెతుక్కుని గానీ బయటికి రాని మొగుడు దొరికాడు. ఆయనకు ఒక కారు దొరికింది.

రెండు వేల తొమ్మిది ప్రాంతంలో మాట. దమ్మపేట దగ్గర మాకు పామాయిల్ తోట. మామగారి తరంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నేనేమో దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక బడికి టీచర్ని. వారమంతా అక్కడే అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఇల్లు చేరి, ఆదివారం మళ్లీ బస్సెక్కేదాన్ని. మా పాప నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. వచ్చిన పూట నన్ను కొత్తగా చూసేది, కాస్త అలవాటు పడేసరికి నేను బ్యాగు సర్దుకునేదాన్ని. ఆ ఏడు బదిలీల కౌన్సెలింగ్ పడింది. మా ఊరి పక్క బడిలో ఖాళీ ఉంది, సీనియారిటీ ప్రకారం నాకే రావాలి. ఇక ఇంట్లోనే ఉండొచ్చని ఆ నెలంతా నాకు నిద్ర పట్టలేదు.

కారు అంతకుముందే వచ్చింది. విదేశీ కంపెనీ డీజిల్ బండి. హైదరాబాద్‌లో ఎవరో అమ్మేస్తుంటే మా ఆయన మోజుపడి తెచ్చాడు. తోటకు, అక్కడి నుంచి టీకొట్టుకు, టీకొట్టు నుంచి ఇంటికి. అంతకు మించి అది తిరిగిందే లేదు. అడవి దారిలో ముత్యాలమ్మ గద్దె వస్తే దణ్ణం పెట్టుకోవడానికి ఆపేవాడు. అమ్మవారి ముందు బండి గుర్రుమనకూడదని ఇంజిన్ కూడా ఆపేసేవాడు. తెలిసినవాడు ఎదురొస్తే మళ్లీ ఆపేవాడు, దమ్మపేటలో ఆయనకు తెలియనివాడు ఎవడు?

కొన్నాళ్లకు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటొకటి వెలగడం మొదలైంది. ఉండి ఉండి ఫ్యాన్ హోరుమనేది, ఏదో మాడుతున్న వాసన వచ్చేది. మా ఆయన అంతకుముందు ఇరవై ఏళ్లు జీపు నడిపిన మనిషి. బండి వేడెక్కితే పక్కకు ఆపాలి, బానెట్ ఎత్తాలి, చల్లారాక నీళ్లు పోయాలి. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. అందుకే డిక్కీలో ఎప్పుడూ రెండు క్యాన్ల నీళ్లుండేవి. పైగా ఇంజిన్ ఆయిల్ చూసే కడ్డీ తీసి, "చూశావా, ఏ బండికైనా ఆయిల్ తగ్గుద్ది. మన బండికి పెరుగుతోంది. లక్ష్మీకళ!" అని మురిసిపోయేవాడు.

లక్ష్మీకళ సంగతి ఖమ్మంలో మెకానిక్ తేల్చాడు. ఆయిల్ కడ్డీ వాసన చూసి తల పట్టుకున్నాడు.

"ఆయిల్ పెరుగుడేంది సార్? కాలని డీజిల్ అండ్ల దిగుతున్నది. గిట్లనే నడిపితే ఇంజిన్ పట్టుకపోతది. పొగ గొట్టం కాడ ఒక ఫిల్టర్ ఉన్నది. మసంత దాంట్ల ఆగుతది. నిండినంక బండే ఇంత డీజిల్ ఎక్కువ కొట్టుకొని, ఫిల్టర్‌ను ఎర్రగ కాల్చుకొని, ఆ మసిని బూడిద చేస్కుంటది. గప్పుడు ఫ్యాన్ తిరుగుతది, వాసనొస్తది. భయపడొద్దు. ఇరవై నిమిషాలు, అర్ధగంట ఒక్క తీరుగ రోడ్డు మీద పోనియ్యాలె. నడుమల ఆపితిరా, మసి అట్లనే ఉంటది. మన కాడ డీజిల్ల గంధకం కూడ ఎక్కువ, జల్దీ నిండుతది."

మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. నాకు మాత్రం ఆ బండి మీద జాలేసింది. మొదలుపెట్టిన పని మధ్యలో ఆపించడం మా ఇంట్లో అందరికీ అలవాటే.

కౌన్సెలింగ్ భద్రాచలంలో. పొద్దున్నే బస్సులో పోతానన్నాను. "ఇంట్లో కారు పెట్టుకుని బస్సేంటి?" అన్నాడు. రెండోసారి పెసరట్టు వేయించుకు తిని మరీ బయల్దేరదీశాడు. ములకలపల్లి దాటాక లైటు వెలిగింది. "ఆపకండి," అన్నాను. "ఆపన్లే," అన్నాడు. ఫ్యాన్ హోరు మొదలైంది. రెండు పక్కలా టేకు చెట్లు, ఎండ, రోడ్డు ఖాళీ. బండి ఒక్క తీరుగా పోతోంది. ఇంకో పావుగంట ఓపిక పడితే అయిపోయేది. మాడు వాసన వచ్చింది. ఆయన చెయ్యి స్టీరింగ్ మీద ఇబ్బందిగా కదలడం చూశాను.

"వద్దండీ. మెకానిక్ చెప్పాడు కదా!"

"ఊరుకోవే. ఇంజిన్ కాలిపోతే మొదటికే మోసం."

ఆపేశాడు. తాళం తిప్పి, దిగి, బానెట్ ఎత్తి, క్యాన్లు తీశాడు. నేను రోడ్డు మీద నిలబడి అరిచాను, కాళ్లు నేలకు బాదాను. ఆయన చల్లారేదాకా ఆగి, నిమ్మళంగా నీళ్లు పోశాడు. మళ్లీ తాళం తిప్పేసరికి ఇంకో లైటు తోడైంది. బండికి సత్తువ పోయింది. ఎంత తొక్కినా నలభై దాటలేదు. పాల్వంచ దగ్గర వెనక నుంచి వచ్చిన బస్సు మమ్మల్ని దాటుకుని పోయింది. చెయ్యెత్తి ఆపుదామని అద్దం దించేలోపే మలుపు తిరిగింది. బూర్గంపాడు, సారపాక, గోదావరి వంతెన, ఒక్కోటీ ఒక్కో యుగంలా గడిచింది.

నేను హాల్లోకి పరుగెత్తేసరికి నా పేరు పిలిచేశారు. పిలిచినప్పుడు లేనివాళ్లకు చివర్లో, మిగిలినవి. మా ఊరి పక్క బడి నా తర్వాతి ఆమెకు వెళ్లింది. ఆమె తప్పు ఏముంది? నాకు చర్ల దాటాక, పాత బడి కన్నా లోపలికి పడింది. బయటికొచ్చి కాగితం చూపించాను. మా ఆయన చదివి, మడిచి, తిరిగి ఇచ్చాడు. ఆ రోజు ఆయన్ని నిజంగా అసహ్యించుకున్నాను.

ఖమ్మంలో కంప్యూటర్ తగిలించి, బండి నిలబెట్టే ఫిల్టర్‌లో మసిని కాల్పించారు. ఆయిల్ మార్చారు. వారానికోసారైనా దూరం పోవాలని, దారిలో ఆపొద్దని మెకానిక్ మళ్లీ చెప్పాడు. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం నన్ను మా ఆయనే కార్లో దింపడం మొదలైంది. పాప వెనక సీట్లో నిద్రపోయేది. ముత్యాలమ్మకు నడుస్తున్న బండిలోంచే దణ్ణం. తెలిసినవాళ్లు చెయ్యెత్తినా చెయ్యూపి పోనిచ్చేవాడు. లైటు మళ్లీ వెలగలేదు. టీకొట్టు దగ్గర ఆయన, "మా ఆవిడకు దూరం పడింది కాబట్టి బండి బతికింది," అని చెబుతుంటే నా చెవిన పడింది. ఇంటికొచ్చి చేతిలో ఉన్న గిన్నె విసిరికొట్టాను. అది సొట్టపోయింది గానీ నా కోపం పోలేదు.

వానాకాలం దాటాక ఒక ఆదివారం. దారి పొడుగునా మాట్లాడుకోలేదు. అప్పటికి అదే అలవాటైపోయింది. చర్ల దాటాం. నా గది ఉన్న ఊరు వచ్చింది. నేను బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాను. కారు ఆగలేదు. బడి దాటింది, చివరి ఇల్లు దాటింది, మళ్లీ అడవి మొదలైంది. డాష్‌బోర్డు వైపు చూశాను. ఏ లైటూ లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు.

"ఏం కాలట్లేదుగా. ఎందుకు ఇంకా పోనిస్తున్నారు?" అన్నాను చిరాగ్గా.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఆపితే దిగిపోతావు కదే."