గుట్టయ్య చూపించని చోటు

పీతలు పట్టే ఆ మనిషికి వీధివాళ్లు పెట్టిన పేరు గుట్టయ్య. సముద్రంలో తను బుట్టలు దించే చోటు ఏదో కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పని ఘనుడు. తండ్రి పోతూ పోతూ చెవిలో చెప్పిన చోటది. పడవ ఎక్కితే ముందు ఉత్తరానికి పోనిచ్చి, ఒడ్డున ఉన్న కళ్లన్నీ తప్పాక దక్షిణానికి తిప్పేవాడు.

నిరుడు సముద్రంలో కరెంటు గాలిమరలు పెట్టే కంపెనీవాళ్లు సర్వేకి వచ్చి, "ఎక్కడ వేటాడతారు?" అని అడిగినప్పుడు కూడా నోరు అలవాటుకొద్దీ అబద్ధమే ఆడింది. బురద తప్ప ఏమీ లేని ఉత్తరపు వైపు చూపించాడు. ఇంటికొచ్చి, "వెధవల్ని భలే తిప్పాను!" అని మీసం మెలేశాడు కూడా.

ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ హాల్లో, గోడకు వేలాడదీసిన మ్యాపు చూశాడు. జనం వేటాడే చోట్లన్నిటికీ ఎర్ర చుక్కలు. బురద మీద కూడా ఓ పెద్ద చుక్క. తన పీతలు కాపురముండే రాళ్ల దిబ్బ మాత్రం ఖాళీ. ఖాళీ కాబట్టి మరలు అక్కడే పాతుతారట, పునాదులకు ఆ రాళ్లన్నీ తవ్వేస్తారట. ఇక పొయ్యిలో పిల్లి లేవదు.

"అది నా చోటు!" అంటూ లేచాడు.

విచారణ జరుపుతున్న అధికారిణి కళ్లజోడు సర్దుకుంది. "సర్వేలో మీరే వేరే చోటు చూపించారుగా?"

"అబద్ధం చెప్పానండీ."

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మాలి?"

హాలంతా గొల్లున నవ్వింది. "గుట్టయ్యా, సముద్రం మొత్తం నీదేనని చెప్పెయ్, పనైపోతుంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జాలిపడిన ముఖం ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? ఏనాడైనా ఎవరికైనా ఒక్క మంచి మాట చెప్పిన పాపాన పోయాడా?

"ఒక్కరి మాట చెల్లదు," అంది అధికారిణి. "అక్కడ వేటాడేవాళ్లు ఇంకొకరైనా చెబితేనే అభ్యంతరం నమోదు చేస్తాం. ఎవరైనా ఉన్నారా?"

పక్క కుర్చీలో ఉన్న గుట్టయ్య భార్య వెనక్కి తిరిగి, తన తమ్ముడి వంక గుడ్లురిమి చూసింది. "నోట్లో ఏం పెట్టుకున్నావురా? లే!"

బావమరిది నెత్తి గోక్కుంటూ లేచాడు. "నేనూ అక్కడే పడతానండీ. అంటే... బావ దించిపోయిన బుట్టల్లోంచి."

గుట్టయ్య కుర్చీలు తోసుకుంటూ వెళ్లి అతని చొక్కా పట్టుకున్నాడు. "దొంగ వెధవా! ఏ ఆక్టోపస్సో తినేస్తోందనుకున్నానురా!"

"దానికి ఎనిమిది చేతులు బావా. నాకున్నవి రెండే."

గుట్టయ్య పెళ్లాం వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నువ్వు చెప్పని చోటు వాడైనా చెప్పాడు."

అధికారిణి బల్ల మీద చరిచింది. "కొట్లాట బయట పెట్టుకోండి! ఇది ఇద్దరూ వేటాడే చోటని రాయనా, అభ్యంతరం లేదని రాయనా?"

గుట్టయ్య మ్యాపు వంక చూశాడు, బావమరిది వంక చూశాడు. రెంటిలో ఏది ఎక్కువ అసహ్యమో తేల్చుకోలేకపోయాడు.

"ఇద్దరిదని రాసుకోండి," అన్నాడు పళ్లు నూరుతూ.

మ్యాపులో దిబ్బ మీద ఎర్ర చుక్క పడింది. మరల్ని దూరం జరిపితేనే అనుమతి ఇవ్వాలని పైవాళ్లకు రాస్తానంది అధికారిణి.

బయట మెట్ల మీద గుట్టయ్య వేలు చూపించాడు. "ఒరేయ్, ఇంకోసారి అటువైపు కనిపించావంటే నీళ్లలో ముంచేస్తా!"

"ముంచు బావా," అన్నాడు బావమరిది, చొక్కా గుండీలు సర్దుకుంటూ. "ఇన్నాళ్లూ దొంగతనంగా వచ్చేవాణ్ణి. ఇప్పుడు నీ నోటితోనే గవర్నమెంటు పర్మిషన్ ఇప్పించావ్."